నేరేడా బ్లూబెర్రీనా, వాక్కాయా క్రాన్‌బెర్రీనా: దేనికి ఏది కొనాలి?

మా ఫ్రిజ్‌లో ఆ రోజు రెండు డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి మా అబ్బాయి సూపర్ మార్కెట్ నుంచి తెచ్చిన బ్లూబెర్రీలు, 125 గ్రాములు 340 రూపాయలు. రెండోది నేను రైతుబజారు గేటు బయట తోపుడుబండి మీద కొన్న నేరేడు పళ్ళు, అరకిలో 100. మా అత్తయ్య మొదటి డబ్బా తీసి, మూత మీద ధర కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివి, "ఏమ్మా, గింజలేని చిట్టి నేరేళ్ళకి ఇంత రేటా?" అన్నారు.

నవ్వాం గానీ ఆవిడ అన్నదాంట్లో పెద్ద తప్పేం లేదు. ఆ రెండు పళ్ళకీ నలుపు ఇచ్చేది ఒకే జాతి రంగు పదార్థాలు. వాటి పేరు ఆంథోసయనిన్లు. యూట్యూబ్‌లో "సూపర్ ఫుడ్" అంటూ బెర్రీల గురించి చెప్పేదంతా ముప్పాతిక వంతు ఈ పదార్థాల గురించే. మరి ఏది కొనాలి అన్న ప్రశ్నకి నా జవాబు ఏమిటంటే, "ఏది గొప్ప" అని అడిగితే జవాబు దొరకదు. "ఏ పని కోసం, ఏ రూపంలో" అని అడగాలి. పండుగా తినడం, పొడి వేసుకోవడం, క్యాప్సూల్ మింగడం మూడూ వేర్వేరు వ్యవహారాలు.

ముందు నాలుకని అడగండి

పండులో ఏముందో లేబుల్ కంటే నోరే ముందు చెబుతుంది. చూడాల్సినవి మూడు: రంగు, వగరు, పులుపు.

రంగు సంగతి వంటింట్లోనే తేలిపోతుంది. నేరేడు పళ్ళు చిదిమిన గిన్నెలో కాస్త రసం మిగిలితే చిటికెడు వంటసోడా వేయండి. ఊదా రంగు కాస్తా నీలంగా మారి, ఇంకొంచెం వేస్తే పచ్చటి ఛాయకి తిరుగుతుంది. వెంటనే నిమ్మకాయ పిండితే మళ్ళీ ఎర్రబడుతుంది. ఇలా పులుపుకి ఎరుపు, క్షారానికి నీలం తిరగడం ఆంథోసయనిన్ల స్వభావం. ఇవి ఎక్కువగా తొక్కలో ఉంటాయి. అందుకే తొక్క పలచగా, పండు పెద్దగా, కండ తెల్లగా ఉన్నదానికంటే చిన్న పండులో, బరువుకి బరువు పోలిస్తే, రంగు ఎక్కువ. అల్లనేరేడు నిగనిగలాడుతూ ఎంత ఊరించినా, నాలుకని నల్లబరిచే చిట్టి నేరేడే ఈ లెక్కలో ముందుంటుంది.

వగరు టానిన్లది. ఇవి లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుంటాయి, అందుకే నోరు ఎండినట్టు, నాలుక దళసరి ఎక్కినట్టు అనిపిస్తుంది. బండివాడు నేరేడు పళ్ళ మీద ఉప్పు చల్లి ఇచ్చేది ఆ వగరు అణచడానికే.

పులుపు దగ్గర మాత్రం మోసపోతాం. పుల్లగా ఉన్న ప్రతిదాంట్లోనూ విటమిన్ సీ ఉంటుందనుకుంటాం. అమెరికాలో పండే చిన్న ఎర్రటి క్రాన్‌బెర్రీ పళ్ళు పులిసిపోయేంత పులుపు, కానీ వంద గ్రాముల్లో విటమిన్ సీ సుమారు 14 మిల్లీగ్రాములే. ఆ పులుపంతా వేరే ఆమ్లాలది. అంత పులుపు లేని మన రేగుపండు విటమిన్ సీలో నిమ్మకాయకి తీసిపోదు.

ప్యాకెట్ల మీద "యాంటీఆక్సిడెంట్ స్కోరు" అని పెద్ద అంకె కనిపిస్తే దాన్ని పట్టించుకోకండి. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఆహారాలన్నిటికీ అలాంటి స్కోర్ల పట్టిక పెట్టింది. గాజు గొట్టంలో వచ్చిన ఆ అంకెలకీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం చూపలేమనీ, కంపెనీలు వాటిని ప్రచారానికి వాడుకుంటున్నాయనీ 2012లో తీసేసింది. తిన్న ఆంథోసయనిన్లలో నేరుగా రక్తంలోకి చేరేది చాలా కొద్ది. మిగతాది పెద్దపేగుకి పోయి, అక్కడి బ్యాక్టీరియా దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొడితే, ఆ ముక్కలు పనిచేస్తాయని ఇప్పటి అవగాహన. పేగుల్లో బ్యాక్టీరియా అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి ఫలితమూ అందరికీ ఒకేలా ఉండదు.

నేరేడు, బ్లూబెర్రీ

రుజువుల విషయంలో బ్లూబెర్రీదే పైచేయి, ఒప్పుకోవాలి. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాళ్ళు నడుము చుట్టూ కొవ్వు, బీపీ, షుగరు ముప్పు కలిసి ఉన్న 115 మందితో ఆరు నెలలు చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకి ఒక కప్పు, అంటే 150 గ్రాముల పళ్ళకి సమానమైన పొడి తిన్నవాళ్ళలో రక్తనాళాలు సాగే గుణం మెరుగుపడింది. అర కప్పు తిన్నవాళ్ళలో పడలేదు. ఇన్సులిన్ పనితీరు, బీపీ ఏ గుంపులోనూ మారలేదు. బ్లూబెర్రీ తింటే షుగరు తగ్గుతుందని చెప్పేవాళ్ళకి ఈ చివరి వాక్యం వినిపించాలి. ఆ అధ్యయనానికి డబ్బు పెట్టినవాళ్ళలో అమెరికా బ్లూబెర్రీ రైతుల మండలి కూడా ఉంది. అందువల్ల ఫలితం తప్పని నేననడం లేదు. నేరేడు మీద అలాంటి అధ్యయనాలు ఎందుకు లేవో మాత్రం దీన్నిబట్టి అర్థమవుతుంది. డబ్బు పెట్టే మండలి లేదు మరి. రోడ్డు పక్క చెట్టెక్కి కొమ్మలు దులిపే మనిషి ప్రయోగశాలకి నిధులిస్తాడా?

నేరేడు తొక్కలో ఉన్న డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్, మాల్విడిన్ రకాల రంగులు బ్లూబెర్రీలోనూ ఉన్నాయి. కాబట్టి నేరేడు కూడా అలాగే పనిచేస్తుందని ఆశపడటంలో తప్పు లేదు, రుజువైపోయిందని చెప్పడం తప్పు. ఈ తేడా మనసులో పెట్టుకుని నేను చేసేది ఇది. మృగశిర కార్తె నుంచి ఆషాఢం దాకా, పళ్ళు దొరికినన్నాళ్ళు, రోజూ గుప్పెడు నేరేడు. కప్పు బ్లూబెర్రీలు రోజూ తినాలంటే మా ఇంటి లెక్కలో ఒక మనిషికి నెలకి పన్నెండు వేలవుతుంది. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా వచ్చే కాలపు పళ్ళన్నీ కొనొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్ళ లెక్క వేరు. అక్కడ నేరేడు అంటే ఇండియన్ స్టోర్‌లో గడ్డకట్టిన గుజ్జు ప్యాకెట్, అదీ ప్రియమే. మీకు "వైల్డ్" అని రాసి ఉన్న ఫ్రోజెన్ బ్లూబెర్రీ సంచి మంచి బేరం. మామూలు బ్లూబెర్రీ తోటపంట, న్యూజెర్సీలో 1916లో మొదటిసారి అమ్మకానికి పండించారు. మెయిన్ రాష్ట్రంలో నేలబారుగా పెరిగే అడవి రకం దానికంటే చిన్నది, రంగు ఎక్కువ. చిట్టి నేరేడుకీ అల్లనేరేడుకీ ఉన్న చుట్టరికమే అక్కడా. ఫ్రీజర్‌లో ఉన్నందువల్ల రంగు పదార్థాలు పెద్దగా పోవు. ఉడికించి, జామ్ చేసి, నెలల తరబడి అల్మారాలో పెడితేనే పోతాయి.

మనవాళ్ళ ఇంకో నమ్మకం ఉంది కదా, ఏడాదికోసారైనా నేరేడు పళ్ళు తింటే కడుపులో చేరిన వెంట్రుకలు కరిగిపోతాయని. మా అమ్మ పళ్ళెం ముందు పెట్టి మరీ ఈ మాట చెప్పేది. వెంట్రుకలు కరిగించే శక్తి నేరేడుకి లేదు. పైగా పర్సిమన్ అనే విదేశీ పండుని, బాగా వగరుగా ఉండే పచ్చివి అతిగా తింటే టానిన్ల వల్ల కడుపులో ఉండలు కడతాయని డాక్టర్లకి తెలిసిన సంగతే. కడుపు నిండా కాకుండా గుప్పెడు చాలనడానికి అదీ ఒక కారణం.

షుగరుకి గింజల పొడి

ఇక్కడ కాస్త ఆగాలి, ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మా పెదనాన్న కొడుకు, అరవై దాటిన మనిషి, ఊళ్ళో ఒక దుకాణంలో "షుగరు మాత్రలు అక్కర్లేదు" అని చెబితే నేరేడు గింజల పొడి కిలో కొని తెచ్చుకున్నాడు. పరగడుపున చెంచాడు పొడి, మాత్రలు బంద్. ఆరు వారాలకి కాలి బొటనవేలి పుండు మానకపోతే పరీక్ష చేయించారు, పరగడుపు షుగరు 310. "పొడి సరిగ్గానే వేసుకున్నానే" అన్నాడు అమాయకంగా. పొడి వేసుకోవడం తప్పు కాదన్నా, మాత్ర మానడం తప్పు అని చెప్పడానికి ఇంట్లో నలుగురం కూర్చోవాల్సి వచ్చింది.

నేరేడు గింజకి ఆయుర్వేదంలో పాత పేరే ఉంది. మన దేశంలో జరిగిన చిన్న చిన్న పరిశోధనల్లో గింజల పొడితో షుగరు కొంత తగ్గినట్టు కనిపించింది. బ్రెజిల్‌లోనూ నేరేడు చెట్లు చాలా ఉన్నాయి, అక్కడివాళ్ళు షుగరుకి ఆకుల టీ తాగుతారు. అక్కడి పరిశోధకులు ఆ టీని పరీక్షకి పెట్టి చూస్తే షుగరు తగ్గనే లేదు. గింజ వేరు, ఆకు వేరు, పండు వేరు. ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి అమ్ముతారు, జాగ్రత్త.

షుగరు ఉన్నవాళ్ళు నేరేడు పండు నిక్షేపంగా తినొచ్చు. మామిడిపండు ముక్కల బదులు నేరేడు తినడం మంచి ఎంపిక కూడా. పొడి వాడాలనుకుంటే మాత్రలకి తోడుగా, అదీ డాక్టరుకి చెప్పి. రెండూ కలిసి షుగరు మరీ కిందకి లాగేస్తే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

వాక్కాయ, క్రాన్‌బెర్రీ

మా పుట్టిల్లు కడప వైపు, మెట్టినిల్లు గోదావరి జిల్లా. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య వాక్కాయ పప్పు చేయమంటే కాయ కోశాను, కత్తికి తెల్లటి పాలు జిగురులా అంటుకుని సబ్బుతో కూడా వదల్లేదు. "ముందు నూనె రాసుకోవాలమ్మా" అన్నారు. మా వైపు చిట్టడవుల్లో పెరిగే కలివి దీనికి దగ్గరి చుట్టం. ఆ పొదల్లో తిరిగే పిట్ట కాబట్టే కలివికోడికి ఆ పేరు వచ్చింది. అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్ళీ కనిపించింది మా జిల్లాలోనే. సరే, విషయానికి వస్తాను.

వంటలో వాక్కాయకీ క్రాన్‌బెర్రీకీ ఒకదాని బదులు ఒకటి భేషుగ్గా సరిపోతుంది. నవంబరులో అమెరికా దుకాణాల్లో తాజా క్రాన్‌బెర్రీ సంచులు రాగానే అక్కడి తెలుగువాళ్ళ వంటిళ్ళలో క్రాన్‌బెర్రీ పప్పు, పచ్చడి, పులిహోర మొదలవుతాయి. మా చెల్లెలు పంపే ఫొటోలు చూస్తే వాక్కాయ పప్పనే అనుకుంటాం. పప్పు కోసమైతే మీకు దగ్గర్లో ఏది దొరికితే అది.

మూత్రంలో మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళకి మాత్రం వాక్కాయ ప్రత్యామ్నాయం కాదు. క్రాన్‌బెర్రీ టానిన్లు కాస్త అరుదైన రకం, ఏ-టైపు అంటారు. ఇన్ఫెక్షన్ తెచ్చే ఇ-కొలై బ్యాక్టీరియా మూత్రాశయం గోడకి అతుక్కోకుండా ఇవి అడ్డుపడతాయని చెబుతారు. వైద్య పరిశోధనలని సమీక్షించే కాక్రేన్ సంస్థ 2023లో 50 అధ్యయనాలని కలిపి చూసింది. తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళలో అది తిరిగి వచ్చే ముప్పు నాలుగో వంతు, పిల్లల్లో సగానికి పైగా తగ్గిందని తేల్చింది. గర్భిణులకీ, వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్ళకీ లాభం కనిపించలేదు. ఈ వ్యాసంలో చెప్పుకునే పళ్ళన్నిట్లోకీ ఒక పనికి ఇంత గట్టి ఆధారం ఉన్నది ఇదొక్కటే. అయినా అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020లో లేబుల్ మీద ఈ మాట రాసుకోనిచ్చినప్పుడు, ఆధారాలు పరిమితమేనని కూడా రాయాలన్న షరతు పెట్టింది.

ఇది రాకుండా చూసుకునే సంగతి. వచ్చిన ఇన్ఫెక్షన్‌ని క్రాన్‌బెర్రీ తగ్గించదు. మంట, చలిజ్వరం, నడుము పక్కల నొప్పి ఉంటే జ్యూసు తాగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

ఏ రూపంలో కొనాలి? డ్రైఫ్రూట్ దుకాణాల్లో తియ్యగా, ఎర్రగా మెరిసే ఎండు క్రాన్‌బెర్రీలు దీనికి పనికిరావు. ఆ పులుపు చంపడానికి చక్కెర పాకం పట్టిస్తారు, వంద గ్రాముల్లో సుమారు 70 గ్రాములు చక్కెరే. జ్యూసుల్లోనూ చాలావాటిలో పావు వంతు మాత్రమే పండు రసం, మిగతాది చక్కెర నీళ్ళు. షుగరు ఉన్నవాళ్ళకి చక్కెర లేని జ్యూసు గానీ, డాక్టరు చెబితే మాత్ర గానీ నయం. గుండె జబ్బుకి వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా క్రాన్‌బెర్రీ జోలికి వెళ్ళొద్దు.

అన్నట్టు, బేకరీ కేకు మీద, తీపి కిళ్ళీలో కనిపించే ఎర్ర "చెర్రీ" చాలాసార్లు చెర్రీ కాదు, మన వాక్కాయే. గింజ తీసి, పాకంలో నానబెట్టి, రంగు వేస్తారు. ఆ ఎరుపు సీసా లోంచి వచ్చింది, అది ఆంథోసయనిన్ల లెక్కలోకి రాదు.

కంటిచూపుకి బిల్‌బెర్రీ క్యాప్సూళ్ళు

వద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పైలట్లు బిల్‌బెర్రీ జామ్ తిని చీకట్లో చూశారనే కథ మీద నడుస్తున్న వ్యాపారం ఇది. అమెరికా నౌకాదళం వాళ్ళు 15 మంది యువకులకి మూడు వారాలపాటు బిల్‌బెర్రీ సారం ఇచ్చి పరీక్షిస్తే రాత్రి చూపులో తేడా ఏమీ రాలేదని 2000లో ప్రచురించారు. పండుగా దొరికితే తినండి, యూరప్ అడవుల్లో ఏరుకునే పండు, లోపలి కండ కూడా నల్లగానే ఉంటుంది, రుచి బాగుంటుంది. క్యాప్సూల్ డబ్బుతో కంటి డాక్టరు దగ్గర ఒకసారి చూపించుకోవచ్చు.

ఉసిరి, రేగు

విటమిన్ సీ కోసమే అయితే మన పెద్ద ఉసిరి ముందు ఇక్కడ చెప్పుకున్న విదేశీ బెర్రీలేవీ నిలబడవు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో వంద గ్రాములకి 600 మిల్లీగ్రాములు అని ఉండేది, 2017 నాటి కొత్త పట్టికలో 252. తగ్గిన అంకె పట్టుకున్నా కమలాపండుకి నాలుగైదు రెట్లు. అయితే ఉడికించిన కొద్దీ విటమిన్ సీ పోతుంది. లేహ్యం డబ్బా మీద ఉసిరి బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, లోపల చక్కెర పాలెంతో వెనక వైపు చదవండి. కార్తీకంలో పచ్చికాయ తురిమి పెరుగులో కలుపుకోవడం, లేదా నిల్వ పచ్చడి, ఇవే నాకు ఇష్టం. పచ్చడిలో ఉప్పెక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు చెంచాతో ఆపాలి.

రేగుపళ్ళు భోగినాడు పిల్లల నెత్తిన పోశాక చాపమీద దొర్లుతుంటాయి, ఎవరూ తినరు. కడిగి తినండి, మంచి పళ్ళు.

రక్తహీనత ఉన్నవాళ్ళకి ఒక మాట. వగరు పళ్ళలోని టానిన్లు శాకాహారంలోని ఇనుముని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. టీ కూడా చేసేది ఇదే పని. కాబట్టి నేరేడు భోజనంతో కాకుండా సాయంత్రం నాలుగింటికి తినండి. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే విటమిన్ సీ ఇనుముకి సాయం చేస్తుంది. ఉసిరిలో వగరూ ఉంది, విటమిన్ సీ కూడా ఉంది కాబట్టి ఈ పనికి నిమ్మకాయే తేలిక దారి.

పొదల్లో కోసుకునేటప్పుడు

కలివి, పరికి, రేగు, ఈత పళ్ళు గుర్తుపట్టడం పల్లెలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సెలవులకి ఊరెళ్ళే మన పిల్లలకి చెప్పాలి. కామంచి బాగా నల్లగా పండితేనే నోట్లో వేసుకోవాలి, ఆకుపచ్చ కాయల్లో సోలనిన్ ఉంటుంది. పచ్చబడ్డ బంగాళదుంపలో ఉండే విషం లాంటిదే అది. గురివింద గింజ ఎర్రగా ముద్దొస్తుంది, కొరికి నమిలితే ప్రాణాల మీదికి తెస్తుంది. "పిట్టలు తింటున్నాయి కాబట్టి మనమూ తినొచ్చు" అనే లెక్క తప్పు. తెలిసినవాళ్ళు చూపించిన పండే తినాలి. పురుగుమందు కొట్టిన చేను గట్టున కాసినవి వదిలేయండి.

స్మూతీ చేసేవాళ్ళకి

బెర్రీ స్మూతీలో అరటిపండు వేయడం అలవాటు కదా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ వాళ్ళు 2023లో చెప్పిన సంగతి విన్నాక మా ఇంట్లో మానేశాం. అరటిపండు కోస్తే నల్లబడటానికి కారణమైన ఎంజైమే బెర్రీల్లో ఉండే ఫ్లావనాల్స్ అనే పదార్థాలని పాడుచేస్తుంది. అరటి కలిపిన స్మూతీ తాగినవాళ్ళ ఒంట్లో అవి 84 శాతం తక్కువగా చేరాయి. అరటిపండు మంచిదే, విడిగా తినండి.

నేరేడు మిగిలితే కడిగి, తడి ఆరాక గింజ తీసి, తొక్కతో సహా పళ్ళెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సంచిలోకి మారుస్తాను. వినాయక చవితి దాకా వస్తాయి. ఆ పూజలో "జంబూద్వీపే భరతవర్షే" అన్నప్పుడల్లా నవ్వొస్తుంది, జంబూ అంటే నేరేడే. నేరేడు పేరు పెట్టుకున్న ద్వీపంలో కూర్చుని 340 పెట్టి బ్లూబెర్రీ కొంటున్నాం.

ఆ డబ్బా సంగతి చెప్పలేదు కదూ. సాయంత్రం అత్తయ్య గిన్నెలో బ్లూబెర్రీలు వేసుకుని, అలవాటుగా ఉప్పు చల్లి, కుదిపి, రెండు నోట్లో వేసుకున్నారు. కాసేపు చప్పరించి, "వగరే లేదు, ఉప్పు దండగ" అని గిన్నె నా వైపు జరిపి, నేరేడు డబ్బా దగ్గరికి లాక్కున్నారు.